కూలిన ఇండ్ల కంకర

పదకొండో రోజు కూడా రాతిపొడి లారీ రాలేదు.

యలహంక దాటి దొడ్డబళ్ళాపురం దారి పట్టి కొంత దూరం పోతే, ఎడమచేతి వైపు ఒక మట్టిదారి దిగుతుంది. దాని చివర చిన్న చెరువు, చెరువును ఆనుకొని పిల్లప్ప బ్లాకుల యార్డు. సిమెంటు, రాతిపొడి, సన్నకంకర కలిపి అచ్చుల్లో పోసి, గోడలకు వాడే సిమెంటు బ్లాకులు తీస్తారక్కడ. కొండల్లో క్వారీలన్నీ సమ్మెకు దిగేసరికి రాయి రావడం ఆగిపోయింది. రాయి లేకపోతే మిషన్ లేదు. మిషన్ లేకపోతే కూలి లేదు. యార్డు వెనక రేకుల షెడ్లలో ఉండే ఎనిమిది సంసారాల్లో మూడు అప్పటికే మూటాముల్లె సర్దుకొని వెళ్ళిపోయాయి.

పెద్దక్క నడుముకు కొంగు బిగించి గేటు దగ్గర నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి. ఆమె అసలు పేరు ఆధార్ కార్డులో తప్ప ఇంకెక్కడా పలకదు. పెనుకొండ పక్క పల్లె నుంచి పాతికేళ్ళ కిందట బెంగళూరొచ్చి, ఇరవై ఏళ్ళు మేస్త్రీల దగ్గర ఇటుకలు మోసి, సిమెంటు మాలు కలిపి, ఐదేళ్ళ నుంచి ఈ యార్డులో ఉంటోంది. ఆమె మొగుడు కొండయ్య ఇక్కడ మిషన్ తిప్పుతాడు.

"నేను రేపు పోతాండా," అన్నాడు కొండయ్య వెనక నుంచి. "ఎలక్ట్రానిక్ సిటీలో పెద్ద పని పడిందంట. నువ్వూ వస్తే రా, లేదంటే వారం చూసి రా."

"ఊరికి ఆ కొసనా! ఈ కొస నుంచి ఆ కొసకు పొయ్యేలోపల తెల్లారిపోతాది."

"ఈడ కూచుంటే తెల్లారదా?"

ఆమె బదులు చెప్పేలోపు లారీ చప్పుడైంది. ఇద్దరూ ఆశగా తలెత్తారు. లారీ వచ్చింది గానీ, కావలసింది కాదు. అది వెనక్కు తిరిగి చెరువు గట్టు మీదికెక్కి, వెనక తొట్టి పైకెత్తి, ఎవరిదో కూల్చేసిన ఇంటిని మొత్తంగా కుమ్మరించింది. స్లాబు పెళ్ళలు, గోడ ముక్కలు, బాత్రూం టైల్సు, విరిగిన సింకు. తెల్లటి దుమ్ము లేచి వాళ్ళ మొహాల మీద వాలింది.

పెద్దక్క పరుగెత్తింది. "ఏమప్పా! చెరువు కనపడలేదా నీకు? దినామూ ఇదే పనా?"

డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "నన్నేం చేయమంటావక్కా? ఇల్లు పడగొట్టినారు, తీసకపొమ్మన్నారు. యాడ పోయాలో నువ్వే చెప్పు, ఆడే పోస్తా." నవ్వి, గేరు మార్చి వెళ్ళిపోయాడు.

తిట్టడానికి నోరు తెరిచిన పెద్దక్క అలాగే ఆగిపోయింది. ఆమె కాలి ముందర స్లాబు పెళ్ళ ఒకటి రెండుగా పగిలి పడి ఉంది. పగిలిన చోట, పల్లీ చిక్కీలో పల్లీల్లాగా, నల్లటి కంకరరాళ్ళు వరసగా మెరుస్తున్నాయి. ఒక్కొక్కటీ చిటికెన వేలి గోరంత. కొత్త కంకర ఎట్లా ఉంటుందో అట్లానే ఉన్నాయి.

కొండయ్యకు ఆమె సంగతి తెలుసు. ఏదైనా తోచిందంటే ఇక కాలు ఒకచోట నిలవదు. "మా యమ్మికి పూనకమొచ్చినాది" అంటాడు అలాంటప్పుడు. ఆమె షెడ్డులోకి పరుగెత్తి సమ్మెట తెచ్చి, ఆ పెళ్ళ మీద ఒక్క దెబ్బ వేసింది. ఇంకొకటి. ఇంకొకటి. పెళ్ళ చితికి కంకర, ఇసుక, బూడిదరంగు పొడి వేరువేరుగా రాలిపడ్డాయి. దోసిట్లోకి ఎత్తుకొని మొగుడి దగ్గరికి పట్టుకొచ్చింది.

"కంకర వచ్చిందప్పా! పదకొండు రోజుల్నుంచి దినామూ వస్తానే ఉండాది. మనమే దాన్ని తరుముకుంటాండాం!"

కొండయ్య ఆమె దోసిలినీ, ఆమె మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. "ఇది చెత్త మే."

"ఈ రాయి యాడిది? కొండలోదే గదా. ఒకసారి ఇల్లయినంత మాత్రాన రాయి కాకుండా పోతాదా?"

కొండయ్య ఒక రాయి తీసుకొని వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. కాని రేపటి ప్రయాణానికి కట్టుకున్న మూట మాత్రం విప్పలేదు.

ఆ పూటంతా పెద్దక్క, పక్క షెడ్డు జ్యోతి కలిసి సమ్మెటతో పెళ్ళలు చితక్కొట్టి, జల్లెడ పట్టారు. లావురాళ్ళు ఒకవైపు, సన్నకంకర ఒకవైపు, పొడి ఒకవైపు. జ్యోతి పాతికేళ్ళ పిల్ల. చేతులు బొబ్బలెక్కినా నవ్వుతూనే ఉంది. "పెద్దక్కా, ఇది ఎవరిల్లో ఏమో, మనం వాళ్ళ బెడ్రూము కొడతాండామా, వంటిల్లు కొడతాండామా?" అని అడిగితే పెద్దక్క పగలబడి నవ్వింది. సమ్మె మొదలైనాక ఆ యార్డులో నవ్వు వినపడడం అదే మొదలు.

పిల్లప్పను ఒప్పించడం ఇంకో ఎత్తు. యార్డు పెట్టి ముప్పై ఏళ్ళయిన మనిషి, లుంగీ పైకి మడిచి కట్టుకొని వచ్చి కుప్పలు చూసి పెదవి విరిచాడు. "సిమెంటు ఒక్క మూట ఇస్తా పెద్దక్కా. పాడుచేస్తే ఇంకోటి అడగొద్దు."

కొండయ్య ప్రయాణం వాయిదా వేసుకొని మిషన్ తిప్పాడు. చాలా రోజుల తర్వాత అది దడదడలాడింది. అచ్చు పైకి లేచింది. కింద నాలుగు మూలలూ నిలబడి బ్లాకు! పెద్దక్క చప్పట్లు కొట్టింది. కాని సాయంత్రానికి అంచులు రాలడం మొదలైంది. మర్నాడు పొద్దున చేత్తో ఎత్తితే జొన్నరొట్టె విరిగినట్టు మధ్యకు విరిగింది. కొండయ్య ఒక ముక్క తీసుకొని వాసన చూసి, "పెద్దక్కా," అన్నాడు, అందరూ పిలిచే పేరుతో ఆమెను ఆటపట్టిస్తూ, "ఇది గోడకు పనికిరాదు గానీ, పాలల్లో వేసుకొని తింటే బాగుంటాది."

అందరూ నవ్వారు. పెద్దక్క నవ్వలేదు. ఆ పొడి ముక్కను వేళ్ళ మధ్య నలుపుతూ కూర్చుంది. మాలు కలిపేటప్పుడే ఏదో తేడా తగిలింది ఆమె చేతికి. నీళ్ళు ఎప్పటి లెక్కే పోశారు. పిడికిట పట్టి నొక్కితే ఉండ కట్టాలి, కట్టలేదు. నీళ్ళు ఎక్కడికి పోయాయి?

మధ్యాహ్నం అన్నం తింటూ తింటూ కంచం కింద పెట్టేసి లేచింది. "దప్పిక!" అని అరిచింది.

"నీళ్ళు ఈడనే ఉండాయి గదా," అన్నాడు కొండయ్య చెంబు జరుపుతూ.

"నాకు కాదప్పా, పెళ్ళలకు! ఎండిన ఇటుకను అట్లే గోడలో పెడితే ఏమయితాది? మాలులో నీళ్ళు తాగేసి గోడను చెడగొడతాది. అందుకే గదా ముందు తొట్టిలో నానేస్తాం. ఇరవై ఏండ్లు నేను చేసింది అదే పని! ఈ పెళ్ళలూ అంతే. సిమెంటు తాగాల్సిన నీళ్ళు ఇవి తాగేస్తాండాయి. ముందే కడుపునిండా తాపితే?"

కొండయ్య నోటి దగ్గర ముద్ద ఆగిపోయింది. మిషన్ ముందర ఏళ్ళ తరబడి నిలబడిన వాడికి ఆ మాటలో నిజం చేతికి తగిలినట్టే అనిపించింది. అతను కూడా కంచం కింద పెట్టాడు.

డ్రమ్ముల్లో నీళ్ళు నింపి, జల్లించిన కంకరంతా ఒక రోజు నానబెట్టారు. బెంగళూరులో నీళ్ళు వృథా చేయడమంటే ఎవరికీ మనసు ఒప్పదు. అందుకని కంకరను డ్రమ్ముల్లోంచి తీసినప్పుడు కారిపోయే నీటికి జ్యోతి చిన్న కాలువ తీసి, ఒక గుంతలోకి మళ్ళించి, దాన్నే మళ్ళీ డ్రమ్ముల్లోకి ఎత్తింది. నానిన కంకరను గోనెపట్టాల మీద పరిచి, పైతడి ఆరనిచ్చి, అప్పుడు సిమెంటుతో కలిపారు. పిల్లప్ప ఇవ్వనన్న రెండో సిమెంటు మూట కొండయ్యే అడిగి తెచ్చాడు. ఈసారి పిడికిట్లో మాలు లడ్డులా నిలిచింది.

పదహారు బ్లాకులు తీశారు. మూడో రోజు పెద్దక్క రెండు బ్లాకుల్ని ఎత్తి ఒకదానితో ఒకటి కొట్టింది. ఠంగుమంది. మట్టిచప్పుడు కాదు, రాతిచప్పుడు. ఆ చప్పుడుకు షెడ్లలో ఉన్న ఆడవాళ్ళంతా బయటికొచ్చారు.

"ఇంకోసారి కొట్టు పెద్దక్కా!"

కొట్టింది. మళ్ళీ ఠంగు. కొండయ్య షెడ్డులోకి పోయి, వారం నుంచి కట్టి పెట్టిన మూట విప్పేశాడు.

పిల్లప్ప మాత్రం తల అడ్డంగా ఊపాడు. "బాగానే ఉండాది, కాదనను. కానీ ఎంగిలి రాయితో ఇల్లు కట్టుకొనేదానికి ఎవరొస్తారు? ఫలానా దాంతో చేసినామని చెప్పేదానికి నాకే నాచికె అయితాది, సిగ్గయితాది."

ఆ మాట అంటుండగానే స్కూటీ ఒకటి వచ్చి ఆగింది. దిగింది ప్రియాంక. పక్క లేఅవుట్‌లో నాలుగంతస్తుల బిల్డింగుకు సైట్ ఇంజనీరు. కర్నూలు పిల్ల, ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. ఆర్డరిచ్చిన బ్లాకులు రాక గోడల పని ఆగిపోయి, పై ఆఫీసు నుంచి రోజూ తిట్లు తింటోంది. పిల్లప్ప మీద అరవడానికే వచ్చింది. కాని దారిలోనే ఆ ఠంగుమన్న చప్పుడు విని, ఇప్పుడు పక్కన పెళ్ళల కుప్ప చూసి, అరవడం మరిచిపోయింది.

"వెయిట్, వెయిట్. ఇది డెబ్రిస్‌తో, ఈ కూల్చిన పెళ్ళలతో చేసిందా?"

పెద్దక్క ఊపిరి తిప్పుకోకుండా కథంతా చెప్పింది. దప్పిక సంగతి చెప్పేసరికి ప్రియాంక హెల్మెట్ తీసి నేల మీద పెట్టి అక్కడే చతికిలబడింది. "అక్కా, దీన్ని మాకు కాలేజీలో ఒక చాప్టర్ మొత్తం చెప్పారు. నాకు సరిగా అర్థం కాలేదు. మీరు ఒక్క మాటలో చెప్పేశారు."

"అయితే తీసకపో పాపా, నీ గోడలు కట్టుకో!"

"ఐడియా సూపర్ అక్కా. కానీ టెస్ట్ రిపోర్ట్ లేకుండా ఒక్క బ్లాక్ కూడా వాడలేను. నా ఉద్యోగం పోతుంది, పైగా గోడ ఎవరి మీదైనా పడితే? ఇరవై ఎనిమిది రోజులు బాగా తడపండి. నేనే దగ్గరుండి మా కాలేజీ ల్యాబ్‌లో టెస్ట్ చేయిస్తాను. పాసైతే, ముందు లోపలి అడ్డగోడలకు మీ బ్లాకులే."

ఇరవై ఎనిమిది రోజులు! పెద్దక్క లాంటి మనిషికి అది శిక్ష. రోజుకు మూడుసార్లు తడిపేది. గోనెపట్టాలు ఎండనిచ్చేది కాదు. పసిబిడ్డల్ని చూసినట్టు పదహారింటినీ తడిమి తడిమి చూసుకొనేది. మధ్యలో చిల్లర పనులకు పోయి వస్తూ ఎలాగో గడుపుకొచ్చారు.

ఆ తడుపు లెక్కలో పందొమ్మిదో రోజున సమ్మె విడిపోయింది. పొద్దున్నే వరసగా రెండు లారీల రాతిపొడి వచ్చి పడింది. పిల్లప్ప మొహం వెలిగిపోయింది. మిషన్ నున్నగా తిరిగింది. సాయంత్రానికి బ్లాకులు ఆరబెట్టడానికి జాగా చాలక, పిల్లప్ప పెద్దక్క పదహారు బ్లాకుల వైపు చెయ్యి చూపించాడు. "అవి తీసి గట్టు మీద పారేయండి."

పెద్దక్క వాటి ముందుకొచ్చి నిలబడింది. "ఇంకా తొమ్మిది రోజులన్నా."

"ఏమిటికి పెద్దక్కా? రాయి వచ్చేసె గదా."

కొండయ్య కూడా నసిగాడు. "అవును మే, ఇప్పుడు మనకు అవసరమేముంది?"

"మళ్ళా సమ్మె రాదా? కొండ అయిపోదా? మనం వచ్చిన కొత్తల్లో రాయి ఈడ, దగ్గర్లో దొరికేది. ఇప్పుడు యాడ నుంచి వస్తాంది? ఎంత పొద్దు పడతాంది? ఈ ఊర్లో ఇండ్లు పడగొట్టేది ఒక్కరోజన్నా ఆగిందా? రాయి మన గుమ్మం ముందరికి వచ్చి పడతా ఉంటే, దాన్ని చెరువులో పూడ్చి, దూరం పోయి ఇంకో కొండను పగలగొట్టుకొని రావాల్నా? పరీక్షలో పోతే నేనే నా చేత్తో గట్టు మీద పారేస్తా. పోకముందు పారేస్తే ఒప్పుకోను."

ఆమె అంత గట్టిగా మాట్లాడడం పిల్లప్ప ఎప్పుడూ వినలేదు. కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత మిషన్ దగ్గరున్న తన కుర్చీని మడిచి పక్కన పెట్టి, "కొత్తవి ఈ జాగాలో ఆరబెట్టండి," అని వెళ్ళిపోయాడు.

పరీక్ష రోజున ఎనిమిది బ్లాకుల్ని గోనెల్లో చుట్టి టాటా ఏస్ బండిలో ఎక్కించారు. పెద్దక్క పండగ చీర కట్టుకుంది. కొండయ్య వెనక బ్లాకుల పక్కనే కూర్చున్నాడు, గతుకుల్లో అవి ఒకదానికొకటి తగలకుండా కాళ్ళు అడ్డం పెట్టి. మీద ఎయిర్‌ఫోర్స్ విమానాలు రెండు ఉరుముతూ పోయినా తల ఎత్తలేదు.

ల్యాబ్‌లో అచ్యుత్ అనే లెక్చరర్ వాళ్ళ కోసం కాచుకొని ఉన్నాడు. ఆ గది మధ్యలో మనిషి ఎత్తు ఇనుప యంత్రం, దానికి గడియారం లాంటి పెద్ద డయలు. ప్రియాంక పెద్దక్క భుజం మీద చెయ్యేసి ముల్లు చూపించింది. "బ్లాకును పైనుంచి నొక్కుతూ పోతుంది అక్కా. అది పగిలే దాకా ముల్లు పైకి పోతుంది. మనకు సగటున రెండువందల నలభై కిలోన్యూటన్లు దాటాలి. ఏ ఒక్కటీ నూట తొంభైరెండు కంటే తగ్గకూడదు. తగ్గితే మొత్తం పోయినట్టే."

మొదటి బ్లాకు పెట్టారు. యంత్రం గుయ్‌మంది. ముల్లు కదిలింది. యాభై. వంద. నూటయాభై. పెద్దక్క కొండయ్య చెయ్యి పట్టుకుంది. అట్లా నలుగురి ముందర పట్టుకోవడం పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో అదే మొదటిసారి. రెండువందలు. రెండువందల నలభై. ముల్లు ఆగలేదు! ఫట్‌మని బ్లాకు పగిలేసరికి అది రెండువందల అరవైరెండు దగ్గరుంది.

"దాటింది!" అని ప్రియాంక ఎగిరింది.

రెండోది రెండువందల డెబ్భైనాలుగు. మూడోది రెండువందల ఎనభైఒకటి. కొండయ్యకు కూడా పూనకమొచ్చింది. ముల్లుతో పాటు గట్టిగా అంకెలు చెప్పడం మొదలుపెట్టాడు. పక్క గదుల్లోంచి విద్యార్థులు వచ్చి గుమ్మంలో గుమిగూడారు. నాలుగోది రెండువందల యాభైఎనిమిది.

ఐదోది పెట్టారు. నూటయాభై. నూటఎనభై. నూటతొంభై దాటాక టప్‌మని మెత్తటి చప్పుడు. బ్లాకు ఒక మూల నుంచి కూలిపోయింది.

అచ్యుత్ డయలు మీదికి వంగాడు. వంగినవాడు వంగినట్టే ఉన్నాడు, పెద్దక్కకు యుగాలు గడిచినట్టనిపించింది.

"నూట తొంభైఆరు," అన్నాడు చివరికి. "నాలుగు ఎక్కువ. బతికిపోయారు."

అందరూ ఊపిరి వదిలారు. పెద్దక్క మాత్రం ఆయన్ని అడగకుండానే యంత్రం దగ్గరికి పోయి, పగిలిన మూలను ఏరింది. వేలితో గీకింది. లోపల ముద్దలాగా తెల్లటిదేదో పొడిపొడిగా రాలింది.

"ఇదప్పా దొంగ! ఇది రాయి కాదు. ఇండ్లల్లో పైకప్పు కింద సోకుకు పెడతారే, ఆ పీఓపీ. నేనే చూడకుండా కలిపినా." ఆమె అచ్యుత్ వైపు తిరిగింది. "సార్, దీన్ని ముందే ఏరేస్తే ఇట్ల కాదు గదా?"

అచ్యుత్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కాదమ్మా. పీఓపీ లేకుండా చూసుకోండి, చాలు. నా విద్యార్థులకు మీరొచ్చి ఒకరోజు చెప్పాలి."

మిగతా మూడూ ఒకదాన్ని మించి ఒకటి నిలబడ్డాయి. చివరిది మూడువందల ఐదు దాకా పోయి, తుపాకీ పేలినట్టు పగిలింది. గుమ్మంలో విద్యార్థులు ఈలలు వేశారు. అచ్యుత్ అంకెలన్నీ కూడి, భాగించి, కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. ప్రియాంక ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకొని చదివింది. "సగటు రెండువందల అరవైఆరు పైన. పాస్! అక్కా, పాస్!"

పెద్దక్క నవ్వుతోందో ఏడుస్తోందో కొండయ్యకు తెలియలేదు. ఆమెకూ తెలియలేదు.

పిల్లప్ప కాగితాన్ని మూడుసార్లు చూశాడు. ఎంగిలి మాట మళ్ళీ ఎత్తలేదు. వారంలోపల ఎక్కడి నుంచో పెళ్ళలు నలగ్గొట్టే ఒక చిన్న క్రషర్ బాడుగకు తెచ్చి నిలిపాడు. సమ్మెటలకు సెలవు దొరికింది. ముందు పెళ్ళల్ని బల్ల మీద పరిచి కర్ర, ప్లాస్టిక్, పీఓపీ ఏరడానికి ఆడవాళ్ళకు ఒక వరస ఏర్పడింది. దానికి జ్యోతి పెద్ద. వెళ్ళిపోయిన మూడు సంసారాల్లో రెండు తిరిగొచ్చాయి. గట్టు మీద పోసే లారీలు ఇప్పుడు యార్డు గేట్లోకి వస్తున్నాయి. చెరువు పక్క పాత కుప్ప కూడా నెల నెలా తరిగి, అడుగున మట్టి కనపడింది. ప్రియాంక బిల్డింగులో రెండో అంతస్తు అడ్డగోడలు లేచిన రోజున పెద్దక్క పోయి, పూతలు పూయకముందే ప్రతి గోడనూ అరచేత్తో తట్టి వచ్చింది.

క్వారీ రాయి పూర్తిగా మానలేదు. బరువు మోసే గోడల బ్లాకులకు ఇంకా అదే వాడుతున్నారు. కాని రాతిపొడి లారీ ముందు రోజూ వచ్చేది, ఇప్పుడు వారానికి మూడుసార్లు వస్తే చాలుతోంది.

మొన్న మంగళవారం శశిధర్ అనే ఆయన ఫోన్ చేశాడు. యలహంక న్యూటౌన్‌లో ఆయనకు మూడంతస్తుల పాత బిల్డింగు ఉంది, పడగొట్టాలి, పెళ్ళలు తీసుకుంటారా అని. తీసుకుంటామని చెప్పి ఊరుకోవచ్చు. పెద్దక్క ఊరుకోలేదు. కొండయ్యను లేవదీసి, ముందు బిల్డింగు చూడాలని పోయింది. శశిధర్ తాళం తీసి లోపలికి రానిచ్చాడు. పడగొట్టే ఇంటిని ఇంత శ్రద్ధగా చూసే మనిషిని ఆయన ఎన్నడూ చూడలేదు. ఆమె స్తంభాల్ని సుత్తితో తట్టింది. మెట్ల కింద వంగి చూసింది. గోడకు చెవి ఆనించింది.

"స్లాబు బంగారం సార్. పాతకాలపు కంకర, గట్టిగా ఉండాది. ఒకేసారి కూలగొట్టి అన్నీ కలిపేయొద్దు. ముందు తలుపులు, కిటికీలు దించండి. తర్వాత పైకప్పు సోకులు పీకించండి. ఆమేలే, అన్నీ అయినాక గోడలు."

"అట్లయితే రెండు రోజులు ఎక్కువ పట్టదా?" అన్నాడాయన.

"పడతాది సార్. కానీ మీ కొత్తింటి అడ్డగోడలకు మీ పాతింటి రాయే వస్తాది. వద్దంటారా?"

శశిధర్ ఒక నిమిషం ఆ ఖాళీ హాలంతా కలయచూశాడు. తర్వాత ఫోన్ తీసి, పడగొట్టే కాంట్రాక్టరుకు కలిపాడు. పెద్దక్క అప్పటికే మేడమెట్లు రెండేసి ఎక్కుతోంది.

"నిదానం మే, కాలు జారతాది!" అని కొండయ్య కింద నుంచి కేకేశాడు.

"నువ్వూ రాప్పా, పైన సిమెంటు నీళ్ళట్యాంకు ఇంకా గట్టిగా ఉన్నట్టుండాది!"